ఎంచుకునేది ఒకరు, తుడిచేది ఒకరు

కొత్త ఫ్లాట్ తాళాలు చేతికొచ్చిన వాళ్లంతా ఈ మధ్య నన్ను ఒకే మాట అడుగుతున్నారు. ఫ్రిజ్ ఎన్ని లీటర్లది కొనాలి, చిమ్నీ ఎంత పొగ లాగాలి అని కాదు. 'మ్యాట్ బ్లాక్ బాగుంటుందా, స్టీలా, గ్లాస్ డోరా?' అని. దాంతోపాటు రీల్స్‌లోంచి తీసిన స్క్రీన్‌షాట్లు ఓ నాలుగు. వాటిలో వంటిల్లు నిజంగానే చూడముచ్చటగా ఉంటుంది. నల్ల ఫ్రిజ్, నల్ల ఓవెన్, నల్ల కుళాయి, గట్టు మీద కుండీలో పేరు తెలియని ఆకులు. నూనె క్యాన్ కనబడదు. పోపుల పెట్టె కనబడదు. ఆ స్టవ్ మీద ఇంతవరకూ ఎవరూ మిరపకాయ బజ్జీ వేయలేదని నేను స్టాంపు పేపర్ మీద రాసిస్తాను.

మన వంటిల్లు అలా ఉండదు కదా. పొద్దున పచ్చడికి పోపు, మధ్యాహ్నం పప్పుకు పోపు, రాత్రి మిగిలిన అన్నం పులిహోర కలిపితే మళ్లీ పోపు. ఆవాలు చిటపటలాడిన ప్రతిసారీ నూనె తుంపర్లు స్టవ్ చుట్టూ పడతాయి. కంటికి ఆనని నూనె ఆవిరి పైకి లేచి చిమ్నీ మీద, కప్‌బోర్డు తలుపుల మీద, ఫ్రిజ్ నెత్తిన కూర్చుంటుంది. దాని మీద దుమ్ము వాలుతుంది. నెల తిరిగేసరికి ఆ రెండూ కలిసి గోధుమరంగు బంక అవుతాయి. దీనికి తోడు పసుపు, బోరు నీళ్లు. వస్తువు మీద ఏ ఫినిష్ ఉన్నా సరే, పదేళ్లపాటు వీటన్నిటితో కాపురం చేయాల్సిందే.

అందుకే ఈ ప్రశ్న అడిగిన వాళ్లను నేను తిరిగి ఒకటే అడుగుతాను. 'మీ ఇంట్లో తుడిచేది ఎవరు?'

చాలామంది అక్కడ ఆగిపోతారు. 'పనావిడ వస్తుందిగా' అని కొందరు, 'అమ్మ ఉంటుందిగా' అని కొందరు. 'నేనే' అన్నవాళ్లు తక్కువ. 'మా ఆయన' అన్నవాళ్లు ఇప్పటికి ఇద్దరు. ఆ ఇద్దరి భర్తలకూ నా నమస్కారాలు.

షోరూమ్ సోఫాలో పిన్ని

సంక్రాంతి వెళ్లాక మా పిన్ని కూతురు బాచుపల్లిలో ఫ్లాట్ తీసుకుంది. మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఐటీలోనే. ఇరవయ్యేళ్ల లోను. ఓపెన్ కిచెన్. సామాను కొనడానికి 'అక్కా, నువ్వూ రా' అంటే వెళ్లాను. ఫోన్‌లో అంతా సిద్ధం చేసుకునే వచ్చింది. ఫ్రిజ్, స్టవ్, చిమ్నీ, మైక్రోవేవ్, ఆఖరికి మిక్సీ కూడా మ్యాట్ బ్లాకే. సేల్స్ కుర్రాడు చాలా సంతోషపడ్డాడు.

పిన్ని కూడా వచ్చింది. ఆవిడ వాళ్లతోనే ఉంటుంది. ఇద్దరూ పొద్దున 8కి వెళ్తే రాత్రికి గానీ రారు. వంట, గట్టు తుడవడం, స్టవ్ కడగడం ఆవిడే చేస్తుంది. పనావిడ అంట్లు తోమి, ఇల్లు ఊడ్చి, తడిగుడ్డ పెట్టి వెళ్లిపోతుంది. పైగా పిన్నికి కుడి భుజం పట్టేసి ఏడాది అవుతోంది. చెయ్యి భుజం కంటే పైకి లేవదు. ఇంతా చేసి, షోరూమ్‌లో ఆవిడను సోఫాలో కూర్చోబెట్టి చేతికి ఓ కూల్‌డ్రింక్ ఇచ్చారు. ఎవరూ ఏమీ అడగలేదు.

'పిన్నీ, నీకేది బాగుంది?' అన్నాను.

'నాదేముందే, పిల్లల ఇష్టమే నా ఇష్టం' అంది.

ఆ మాట మన అమ్మలందరికీ కంఠతా వచ్చు. దాన్ని అక్కడే వదిలేయకండి. రెండోసారి అడగండి. నేను చెయ్యి పట్టుకుని లేపి ఫ్రిజ్ దగ్గరకు తీసుకెళ్లాను. ఆవిడ రంగు చూడలేదు. కొంగు చివర వేలికి చుట్టుకుని తలుపు అంచు వెంట గీసింది. హ్యాండిల్ గాడిలోకి వేలు పెట్టింది. 'ఈ సందులోకి గుడ్డ ఎలా పోతుందే?' అంది. స్టవ్ దగ్గర బర్నర్ కింద రింగు ఎత్తి చూసింది. నాబ్‌లు ఊడొస్తాయా అని కుర్రాణ్ని అడిగింది. చిమ్నీ ముందు నిలబడి ఎడమ చెయ్యి ఎత్తి ఎంతవరకూ అందుతుందో చూసుకుంది. మేం ముగ్గురం గంటసేపు నెట్‌లో చదివి తెలుసుకోలేని సంగతులు ఆవిడ రెండు నిమిషాల్లో తేల్చేసింది.

మా చెల్లెలి మొహం మాత్రం చిన్నబోయింది. 'నువ్వు నా వైపు ఉంటావనుకున్నానక్కా' అంది. దాని బాధ కూడా నాకు అర్థమైంది. హాస్టల్ మంచం, అద్దె ఇంటి పాత గట్టు, ఎవరో వాడి వదిలేసిన గీజర్‌తో పదేళ్లు సర్దుకున్న పిల్ల. మొదటిసారి తన డబ్బుతో తన ఇల్లు. అందులో తనకు నచ్చిన రంగు ఉండాలనుకోవడం చిన్న కోరికేం కాదు. ఆ కోరికా తీరాలి, ఆ భుజం మీద భారమూ పెరగకూడదు. అలాగైతే ఏ వస్తువుకు ఏది పనికొస్తుందో విడివిడిగా చూసుకోవాలి. సెట్టు మొత్తం ఒకే రంగు అనుకున్నామో, చిక్కులో పడ్డట్టే.

స్టీల్ అన్నంత మాత్రాన స్టీలేనా?

ముందు స్టీల్ సంగతి. ఇనుములో కనీసం 10.5 శాతం క్రోమియం కలిస్తే దాన్ని స్టెయిన్‌లెస్ స్టీల్ అంటారు. ఆ క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పైన కంటికి కనబడనంత పల్చటి పొర కడుతుంది. గీత పడినా గాలి తగలగానే ఆ పొర మళ్లీ తనంతట తనే కట్టుకుంటుంది. తుప్పు పట్టకుండా కాపాడేది అదే. మంచి సింకులకు, మిక్సీ జార్లకు వాడే 304 గ్రేడులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 430 గ్రేడులో నికెల్ దాదాపు ఉండదు, అందుకే చవక. అది అయస్కాంతానికి గట్టిగా అంటుకుంటుంది. 304 పెద్దగా అంటుకోదు.

ఇక్కడే ఓ తిరకాసు ఉంది. 'చూడండి మేడమ్, మ్యాగ్నెట్ అంటుకోవట్లేదు, అంటే 304' అని దుకాణంలో చూపిస్తారు. నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచి తయారు చేసే 202 గ్రేడు కూడా అయస్కాంతానికి అంటుకోదు. తుప్పును తట్టుకోవడంలో మాత్రం అది 304 కంటే తక్కువే. కాబట్టి అయస్కాంతం పరీక్ష నెగ్గితే సగమే తెలిసినట్టు. గ్రేడు బిల్లు మీద రాసివ్వమనండి. రాయడానికి నీళ్లు నమిలితే మీకు సమాధానం దొరికినట్టే.

ఫ్రిజ్‌ల దగ్గర కథ ఇంకోలా ఉంటుంది. ధర చీటీ మీద 'షైనీ స్టీల్' అనో 'ఐనాక్స్ లుక్' అనో ఉంటే, ఆ 'లుక్' అనే మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. చాలా మోడళ్లలో అది స్టీల్‌లా కనబడేలా పూత వేసిన మామూలు ఉక్కు రేకు. ముందే రంగు పూత పూసి తెచ్చిన రేకును పీసీఎం అంటారు, పైన వినైల్ పొర అంటించిన దాన్ని వీసీఎం అంటారు. ఇది మోసమేమీ కాదు. నన్నడిగితే మన ఇళ్లకు ఇదే మేలు. వేలిముద్రలు తక్కువ కనబడతాయి, తడిగుడ్డతో పోతాయి, ధర తక్కువ, పాల లెక్క కాగితం అయస్కాంతంతో అంటించుకోవచ్చు. ఒకటే లోపం. అసలు స్టీల్‌కు ఉన్న ఆ మళ్లీ కట్టుకునే గుణం దీనికి లేదు. పూత లేచి లోపలి రేకు బయటపడితే అక్కణ్నుంచి తుప్పు మొదలవుతుంది. అందుకే దీని మీద స్క్రబ్బర్ పెట్టొద్దు. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది కాబట్టి అక్కడివాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి.

ఉప్పు అంటే గుర్తొచ్చింది. ఫ్రిజ్ అడుగు భాగం, కాళ్ల దగ్గర తుప్పు పడితే కంపెనీని తిడుతుంటారు. చాలా ఇళ్లలో దిష్టి పోవాలని, ఇల్లు శుభ్రంగా ఉండాలని తడిగుడ్డ పెట్టే నీళ్లలో గుప్పెడు కల్లుప్పు వేస్తారు. ఆ నీళ్లు రోజూ ఫ్రిజ్ అంచుకు తగిలి ఆరిపోతాయి. ఉప్పులోని క్లోరైడ్ ఇనుమును తినేస్తుంది, స్టెయిన్‌లెస్ స్టీల్‌ను కూడా వదలదు, చిన్న చిన్న గుంటలు పెడుతుంది. ఉప్పు మానమని చెప్పను, ఎవరి నమ్మకం వాళ్లది. ఫ్రిజ్‌ను కాస్త ఎత్తున్న స్టాండ్ మీద పెట్టి, చుట్టూ జానెడు మేర మంచినీళ్ల గుడ్డతో తుడవమనండి. బ్లీచింగ్ నీళ్లకూ ఇదే మాట.

అసలైన స్టీల్ స్టవ్, సింకు అయితే దగ్గరగా చూడండి, సన్నటి గీతలు ఒకే దిక్కుగా పోతుంటాయి. గుడ్డ కూడా ఆ దిక్కుకే పోవాలి. అడ్డంగా రుద్దితే కొత్త గీతలు పడి వెలుతురులో కొట్టొచ్చినట్టు కనబడతాయి. ఇనుప పీచు అసలే వద్దు. దాని ముక్కలు స్టీల్ మీద ఇరుక్కుని అవే తుప్పు పడతాయి, మనమేమో స్టీల్‌కే తుప్పు పట్టిందనుకుంటాం. అంట్ల లిక్విడ్ రెండు చుక్కలు వేసిన తడిగుడ్డ, తర్వాత మంచినీళ్ల గుడ్డ, ఆఖరున పొడిగుడ్డ. ఆ మూడోదే అందరూ ఎగ్గొట్టేది. బోరు నీళ్లు వాటంతటవి ఆరితే అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు తెల్లమచ్చలుగా మిగిలిపోతాయి. పొడిగుడ్డ పెడితే మచ్చే ఉండదు. పడిన మచ్చకు నిమ్మచెక్క గానీ, నీళ్లు కలిపిన వెనిగర్ గానీ చాలు. మన అమ్మమ్మలు ఇత్తడి బిందెలకు చింతపండు వాడింది కూడా ఆ పులుపు కోసమే. రుద్దాక బాగా కడిగేయాలి. ఒక్క హెచ్చరిక: వెనిగర్, నిమ్మరసం లాంటివి బ్లీచ్‌తో ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు వస్తుంది, అది ఊపిరితిత్తులకు ప్రమాదం.

గ్లాస్ టాప్: ఒక మంచి, ఒక చెడు

గ్లాస్ టాప్ స్టవ్‌ను నేను పూర్తిగా కాదనను. పాలు పొంగితే ఒక్క తుడుపుతో పోతాయి. పసుపు అంటదు. ఇద్దరే ఉండే ఇంట్లో, చిన్న గిన్నెల్లో వండుకునే వాళ్లకు హాయి.

కానీ ఆ గాజు ఎలా తయారవుతుందో తెలుసుకుంటే వాడే తీరు మారుతుంది. మామూలు గాజును 600 డిగ్రీలకు పైగా వేడి చేసి, గాలి కొట్టి ఒక్కసారిగా చల్లారుస్తారు. పైపొర ముందుగా బిగుసుకుంటుంది, లోపల ఆలస్యంగా చల్లారి పైపొరను లోపలికి లాగి పట్టుకుంటుంది. దాంతో మామూలు గాజు కంటే నాలుగైదు రెట్లు గట్టిబడుతుంది. అయితే ఆ బిగువే దాని బలహీనత కూడా. ఎక్కడైనా ఆ బిగువు తెగిందంటే, పలక మొత్తం ఒక్కసారిగా చిన్న చిన్న పలుకులుగా రాలిపోతుంది. మధ్యలో గిన్నె పడితే తట్టుకుంటుంది గానీ, అంచు మీద, మూల మీద చిన్న దెబ్బ తగిలినా తట్టుకోలేకపోవచ్చు.

మన ఇళ్లలో గాజుకు వచ్చే కష్టాలు ఇవి. బర్నర్ కడిగి తిరిగి పెట్టేటప్పుడు సరిగా కూర్చోబెట్టకపోతే మంట పక్కకో కిందికో తన్నుతుంది, గాజు ఒకేచోట కాలుతుంది. స్టవ్ కంటే వెడల్పైన గిన్నె పెడితే వేడి కిందికి తిరిగొస్తుంది. వంట కాగానే వేడి మీదే చల్లటి తడిగుడ్డ వేయడం మూడోది. ఇప్పుడు పండగ రోజులు తలుచుకోండి. అరిసెల పాకం, బూరెల మూకుడు, ఇంటికి పదిమంది వస్తే బిర్యానీ హండీ. గంటల తరబడి పెద్ద మంట. ఆ ఇంటికి గ్లాస్ టాప్ నేను చెప్పను. స్టీల్ బాడీ స్టవ్ మీద పాలు పొంగి మాడితే మరక పోవడానికి పది నిమిషాలు పడుతుంది, నిజమే. కానీ నూనె మూకుడు పొయ్యి మీదుండగా కింద పలక పగలదు. ఏది తీసుకున్నా ఐఎస్ఐ ముద్ర ఉందో లేదో చూసి తీసుకోండి. ఇండక్షన్ స్టవ్ పైనుండేది వేరే రకం, గ్లాస్ సిరామిక్. వేడికి అది దాదాపుగా వ్యాకోచించదు కాబట్టి ఈ లెక్కలు దానికి పూర్తిగా వర్తించవు.

ఫ్రిజ్‌కు గ్లాస్ డోర్ అంటారా? మంట భయం లేదు, తుడవడం సులువు. వేలిముద్రలు మాత్రం అద్దం మీద పడ్డట్టే పడతాయి, చిన్నపిల్లలున్న ఇంట్లో రోజుకు నాలుగుసార్లు గుడ్డ పట్టుకోవాలి. అయస్కాంతాలు అంటుకోవు. లీటర్లు అవే, కంప్రెసర్ అదే, తలుపు మారినందుకు ధర కొన్ని వేలు పెరుగుతుంది. ఆ వేలు నా చేతిలో ఉంటే స్టార్ రేటింగ్ ఒకటి ఎక్కువున్న మోడల్‌కు పెడతాను. కరెంటు బిల్లు తలుపు రంగు చూసి రాదు.

నలుపు వెనకున్న లెక్క

ఇక మ్యాట్ బ్లాక్. రీల్స్‌లో అది ఎందుకంత బాగుంటుంది, ఇంటికొచ్చాక ఎందుకలా తయారవుతుంది? మ్యాట్ అంటే పైపైన కంటికి కనబడని గరుకు. వెలుతురు పడితే అన్ని దిక్కులకూ చెదిరిపోతుంది, అందుకే మెరవదు. ఆ గరుకులోకి నూనె చేరిందనుకోండి, ఎత్తుపల్లాలు పూడిపోయి అంతమేరా మెరుస్తుంది. పోపు తుంపర పడ్డ ప్రతిచోటా ఒక మెరుపు మచ్చ. పోవాలని గట్టిగా రుద్దితే ఆ గరుకే అరిగిపోతుంది. అప్పుడు మచ్చ శాశ్వతం. హ్యాండిల్ చుట్టూ నున్నబడిన పాత మ్యాట్ వస్తువులు చూసే ఉంటారు. గ్లాసీ బ్లాక్‌కు ఆ గొడవ లేదు, తుడిస్తే పోతుంది. కానీ తుడిచిన గంటకే గోధుమపిండి దుమ్ముతో సహా అన్నీ కనబడతాయి. 'యాంటీ ఫింగర్‌ప్రింట్' అని రాసి ఉంటే అది పైన వేసిన పల్చటి పూత. పని చేస్తుంది. పౌడర్లు, గరుకు స్పాంజీలు వాడినన్ని రోజులు ఉండదు.

మరి మ్యాట్ బ్లాక్ వద్దా? స్టవ్‌కు ఎంత దూరంలో ఉందన్నదాన్ని బట్టి చెప్తాను. పొయ్యికి ఐదారు అడుగుల అవతల గోడ దగ్గరుండే ఫ్రిజ్‌కు పర్వాలేదు. పొయ్యి పక్క గట్టు మీదుండే మిక్సీకి వద్దు. పొయ్యి నెత్తిన ఉండే చిమ్నీకి అసలు వద్దు. 'ఆటో క్లీన్ మేడమ్' అంటారు. ఆటో క్లీన్ లోపలి జిడ్డును వేడితో కరిగించి కిందున్న కప్పులోకి దించుతుంది. బయటి ఒంటిని ఎవరో ఒకరు చెయ్యెత్తి తుడవాల్సిందే. పిన్నికి ఎత్తలేనిది ఆ చెయ్యే.

తెలుపు గురించి ఓ మాట. తెల్ల మిక్సీ, తెల్ల మైక్రోవేవ్ అనగానే 'పసుపు మరకలు' అని భయపడతారు. భయం సబబే. పసుపులోని రంగు ప్లాస్టిక్‌లోకి ఇంకుతుంది. సబ్బు పెట్టగానే ఎర్రబడి ఇంకా కంగారు పెడుతుంది. దిష్టి తీసే ఎర్రనీళ్లలో పసుపుకు సున్నం తగిలితే జరిగేది అదే. సబ్బులోనూ క్షారం ఉంటుంది, అంతే. ఆ రంగుకు ఎండ అంటే పడదు. మిక్సీ మూతను కడిగి ఒకటి రెండు పూటలు ఎండలో పెట్టండి, మరక చాలావరకూ వెలిసిపోతుంది. మూత మాత్రమే సుమా. మిక్సీ ఒంటిని ఎండలో పెడితే ఆ ప్లాస్టిక్కే పసుపెక్కుతుంది. దానికి మందు లేదు.

ఇవన్నీ చదివి 'మా ఇంట్లో ఒకప్పుడు ఈ గోల లేదే' అని అమ్మ అంటే ఆశ్చర్యపోకండి. సనత్‌నగర్‌లో హైదరాబాద్ ఆల్విన్ ఫ్రిజ్‌లు తయారయ్యే రోజుల్లో మధ్యతరగతి ఇళ్లలో చాలాచోట్ల ఫ్రిజ్ వంటింట్లో ఉండేదే కాదు, హాల్లో ఉండేది. దాని మీద ఓ లేసు గుడ్డ, ప్లాస్టిక్ పూలు. వచ్చినవాళ్లు చూడాలి కదా! నూనె ఆవిరి దాని దాకా వెళ్లేది కాదు. తర్వాత ఫ్రిజ్ లోపలికి పోయింది, ఇప్పుడు ఓపెన్ కిచెన్ వచ్చి వంటిల్లే హాల్లోకి వచ్చేసింది. చూడ్డానికి వచ్చేవాళ్ల కళ్లు, నూనె ఆవిరి, రెండూ ఒకేచోట. మీ తరానికి ఫినిష్ తలనొప్పి ఇంతగా పట్టుకుంది అందుకే. ఫ్యాషన్ మాటకొస్తే, 1970లలో అమెరికా వంటిళ్లలో అవకాడో పచ్చ ఫ్రిజ్‌లంటే పడి చచ్చేవాళ్లు. తర్వాత అదే రంగు పాతకాలానికి గుర్తుగా మిగిలింది.

ఇంతకీ బాచుపల్లి ఇంటికి ఏం కొన్నామంటారా? ఫ్రిజ్ నల్లదే, మ్యాటే. మా చెల్లెలు పట్టు వదల్లేదు, వదలాల్సిన పనీ లేదు. అది పొయ్యికి ఎదురు గోడకు ఉంటుంది. కాకపోతే హ్యాండిల్‌కు గాడి లేని మోడల్, పిన్ని వేలు పెట్టి చూసి ఒప్పుకున్నది. స్టవ్ స్టీల్ బాడీ, మూడు బర్నర్లు, నాబ్‌లు ఊడొస్తాయి. చిమ్నీ ముందుభాగం నున్నగా, ఒకే పలకగా ఉన్న స్టీల్‌ది. దాన్ని తుడిచే పని ప్రతి ఆదివారం మా మరిదిది. షోరూమ్‌లోనే, బిల్లు కట్టకముందే ఒప్పించాం. సేల్స్ కుర్రాడు సాక్షి. మిక్సీ పాతదే చాలంది పిన్ని, దాని బిగువు తన చేతికి అలవాటట. రంగులు కలవలేదని గృహప్రవేశానికి వచ్చినవాళ్లలో ఒక్కరూ అనలేదు. పులిహోర బాగుందన్నారు.

మీరు షోరూమ్‌కు వెళ్లేటప్పుడు ఫోన్ టార్చ్ వాడండి. అక్కడి తెల్ల లైట్ల కింద అన్నీ ముద్దొస్తాయి. తలుపు మీద బొటనవేలు గట్టిగా నొక్కి, టార్చ్‌ను పక్కనుంచి ఏటవాలుగా వేయండి. ముద్ర ఎంత కనబడుతోందో చూడండి. జేబురుమాలుతో ఒక్కసారి తుడవండి. పోతే మంచిది, పాకితే ఆలోచించండి. డిస్‌ప్లేలో పెట్టిన పీస్ మీద, హ్యాండిల్ దగ్గర కూడా టార్చ్ వేయండి. వందమంది చేతులు పడ్డాక ఆ ఫినిష్ ఎలా ఉంటుందో అక్కడే కనబడుతుంది. తుడిచే మనిషిని కూడా వెంట తీసుకెళ్లండి. పనావిడే తుడుస్తుందంటే ఆవిడనే అడగండి. 'మీ పాతింట్లో ఏది తొందరగా పోయేది, ఏది సతాయించేది?' అంటే నాలుగిళ్ల అనుభవం చెప్తుంది. అద్దె ఇంట్లో ఉండేవాళ్లయితే రెండేళ్లకోసారి సామాను లారీ ఎక్కాలి కాబట్టి గాజు తలుపులు, మెరిసే నలుపులు మానేసి, గీత పడినా తెలియని బూడిదరంగు పూతకు వెళ్లండి.

ఇంకొక్కటి. కొత్త ఫ్రిజ్ ఇంటికొచ్చాక పైనున్న పారదర్శక ప్లాస్టిక్ పొరను నెలల తరబడి అలాగే ఉంచుతారు, కొత్తగా ఉంటుందని. అంచుల దగ్గర దాని కిందికి తడి, మసాలా దుమ్ము చేరతాయి, జిగురు వేడికి గట్టిపడి తర్వాత ఊడదు. వచ్చిన వారంలోనే తీసేయండి. ఇప్పటికే ఆలస్యమైపోయిందా, ఫ్రిజ్ ప్లగ్ తీసి, హెయిర్ డ్రయ్యర్‌ను తక్కువ వేడిలో పెట్టి ఒక మూల తగిలించండి. మెత్తబడ్డాక గోరుతో లేపి నెమ్మదిగా, తలుపుకు దగ్గరగా మడిచినట్టు లాగండి. జిగురు మిగిలిందా, కొబ్బరినూనె రాసి పది నిమిషాలు వదిలేసి, మెత్తటి గుడ్డతో తీసి, సబ్బునీళ్లతో తుడవండి. చాకు మాత్రం పెట్టకండి.